గ్లవ్ బాగుండి బ్యాట్ ఆడని క్యాచర్ మేజర్ లీగ్‌కి వెళ్తాడా? చూసి ఎలా అంచనా వెయ్యాలి?

మీరడిగింది ఇదీ: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నారు, పిల్లల్ని తీసుకుని రఫ్‌రైడర్స్ బేస్‌బాల్ మ్యాచ్‌లకి వెళ్తుంటారు, టెక్సస్ లీగ్‌లో (మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉండే డబుల్-ఏ స్థాయి) ఒక 23 ఏళ్ల క్యాచర్ (బ్యాటర్ వెనకాల కూర్చుని పిచర్ వేసే బాల్ పట్టేవాడు) మీకు బాగా నచ్చాడు. బాల్ పట్టే తీరు చూస్తే ముచ్చటేస్తుంది కానీ బ్యాటింగ్ యావరేజ్ .220 (వెయ్యి అవకాశాల్లో 220 హిట్లు) కూడా దాటట్లేదు. ఇలాంటి కుర్రాడు మేజర్ లీగ్ దాకా వెళ్తాడా, వెళ్తే నిలబడతాడా, స్టాండ్స్‌లో కూర్చుని మనం ఏం చూస్తే ఇది తెలుస్తుంది అని.

సూటిగా చెప్తాను. వెళ్లే ఛాన్స్ బాగానే ఉంది, కానీ బ్యాకప్‌గా. రోజూ ఆడే మెయిన్ క్యాచర్ అవ్వాలంటే మాత్రం డిఫెన్స్ "బాగుంది" అనిపించుకుంటే చాలదు, మొత్తం 30 జట్ల క్యాచర్లలో పై నలుగురైదుగురిలో ఉండాలి, లేదంటే బ్యాట్‌లో ఏదో ఒకటి పనికొచ్చేది ఉండాలి, వాక్స్ (నాలుగు బాల్స్ పడితే ఉచితంగా దొరికే ఫస్ట్ బేస్) తీసుకోవటం కానీ, అప్పుడప్పుడు బాల్‌ని ఫెన్స్ దాటించే పవర్ కానీ. యావరేజ్ ఒక్కటే చూసి ఆ కుర్రాడి మీద ఆశ వదులుకోకండి. అలాగని "బ్యాటింగ్ తర్వాత అదే వస్తుందిలే" అన్న మాట కూడా నమ్మకండి, చాలామందికి రాదు.

నేను టెక్సస్‌లోనే హైస్కూల్, సమ్మర్ బాల్ పిల్లల్లో క్యాచర్లకి చాలా ఏళ్లుగా కోచింగ్ ఇస్తున్నాను, తెలిసిన స్కౌట్ ఒకాయనకి క్యాచర్ల మీద నోట్స్ కూడా రాసిస్తుంటాను. కింద చెప్పేదంతా ఆ చూపుతోనే.

ముందు మనవాళ్లకి అర్థమయ్యే ఒక పోలిక. మన విశాఖ కుర్రాడు కేఎస్ భరత్ గుర్తున్నాడు కదా. వికెట్ల వెనకాల అతని చేతులకి వంక పెట్టినవాళ్లు లేరు, 2023లో ఆస్ట్రేలియా మీద నాగ్‌పూర్‌లో టెస్ట్ క్యాప్ వచ్చింది, 7 టెస్టులు ఆడాడు, అత్యధిక స్కోరు 44. 2024లో ఇంగ్లాండ్ సిరీస్‌లో వైజాగ్ టెస్ట్ అయ్యాక రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్ వచ్చేశాడు, అంతే. క్రికెట్‌లో పదకొండు మందిలో కీపర్ ఒక్కడే, వాడు పరుగులు చెయ్యకపోతే చోటు లేదు. బేస్‌బాల్‌లో అలా కాదు, 26 మంది రోస్టర్‌లో దాదాపు ప్రతి జట్టూ ఇద్దరు క్యాచర్లని పెట్టుకుంటుంది, ఎందుకంటే 162 మ్యాచ్‌ల సీజన్‌లో ఒక్క మనిషి మోకాళ్లు అన్ని రోజులు ఆగవు. అంటే లీగ్ మొత్తం మీద 60 ఉద్యోగాలు, ఒక మెట్టు కింద ట్రిపుల్-ఏలో పిలుపు కోసం రెడీగా ఉండేవాళ్లు ఇంకొందరు. ఈ 60లో సగం రెండో క్యాచర్ ఉద్యోగాలే, అక్కడ మొదట అడిగేది గ్లవ్ గురించి, బ్యాట్ గురించి కాదు. మీ కుర్రాడికి ఉన్న ఆశ అంతా ఈ లెక్కలోనే ఉంది.

బ్యాట్ ఎంత తక్కువైతే కుదురుతుంది అంటే, నమ్మలేనంత తక్కువైనా కుదిరింది. జెఫ్ మాథిస్ 2005 నుంచి 2021 దాకా 17 సీజన్లు మేజర్ లీగ్‌లో ఉన్నాడు, కెరీర్ యావరేజ్ .194. 35 ఏళ్ల వయసులో మన రేంజర్స్ వాళ్లే అతనికి రెండేళ్లకి 62.5 లక్షల డాలర్లు ఇచ్చారు, పిచర్లని చూసుకుంటాడని. ఆస్టిన్ హెడ్జెస్ 2024లో క్లీవ్‌లాండ్‌కి .152 కొట్టాడు, తర్వాతి ఏడాదికి మళ్లీ 40 లక్షల డాలర్లకి వాళ్లే తీసుకున్నారు. మార్టిన్ మాల్డొనాడో 2022లో .186 కొట్టాడు, ఆ ఏడాది హ్యూస్టన్ వరల్డ్ సిరీస్ గెలిచింది, మెయిన్ క్యాచర్ అతనే. అతను 2004 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునేది) 27వ రౌండ్‌లో ఎంపికైనవాడు, ఇప్పుడు డ్రాఫ్టే 20 రౌండ్లు. అయితే ఒకటి గమనించండి, మాల్డొనాడో ఆ .186తో పాటు 15 హోమ్ రన్లు కొట్టాడు. అదే నేను పైన చెప్పిన "ఏదో ఒకటి".

హెడ్జెస్ కథ మాత్రం ఇంకోలా కూడా చదవాలి. 2011లో రెండో రౌండ్‌లో శాన్ డియాగో తీసుకుంది, హైస్కూల్ కుర్రాడు, 30 లక్షల డాలర్ల బోనస్ ఇచ్చారు, ప్రాస్పెక్ట్‌ల (పైకి వస్తారనుకునే కుర్రాళ్ల) టాప్ 100 లిస్టుల్లో పైన ఉండేవాడు, అందరూ "గ్లవ్ ఇప్పుడే మేజర్ లీగ్ లెవెల్, బ్యాట్ కాస్త వస్తే ఆల్‌స్టార్" అనేవాళ్లు. 2017లో 18 హోమ్ రన్లు కొట్టాడు, అప్పుడు వచ్చేసిందనుకున్నారు. 2019లో .176. గ్లవ్ మాత్రం ఏ రోజూ పోలేదు, అందుకే ఇన్నేళ్లు ఉన్నాడు, 2023లో రేంజర్స్‌తో వరల్డ్ సిరీస్ రింగ్ కూడా వచ్చింది. డిఫెన్స్-ఫస్ట్ క్యాచర్ మీద ప్రాస్పెక్ట్ లిస్ట్ చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి, లిస్ట్‌లో ర్యాంకు ఆ కుర్రాడి బెస్ట్ కేస్‌ని చెప్తుంది, సంపాదించుకునే ఉద్యోగం మాత్రం ఎక్కువసార్లు దానికి రెండు మెట్లు కింద ఉంటుంది.

ఇక మీరు స్టాండ్స్‌లో ఏం చూడాలి అన్నది. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను ఎందుకంటే జనం చూసేది ఒకటి, స్కౌట్లు చూసేది ఇంకొకటి.

మామూలుగా అందరి కళ్లూ త్రో మీద ఉంటాయి, సెకండ్ బేస్‌కి బాల్ వెళ్లింది, రన్నర్ ఔట్, చప్పట్లు. కానీ ఒక మ్యాచ్‌లో స్టీల్ (పిచ్ పడుతుండగానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరిగెత్తటం) ట్రై చేసేది మహా అయితే రెండు మూడు సార్లు. క్యాచర్ బాల్ పట్టేది వంద సార్లకి అటూ ఇటూ. అందుకే మొదట చూడాల్సింది పట్టే పద్ధతి, రిసీవింగ్. మీరు హోమ్ ప్లేట్ వెనకాల కాకుండా కొంచెం పక్కకి, థర్డ్ బేస్ వైపు డగౌట్ పైన సీట్లు దొరికితే అక్కడ కూర్చోండి. పిచర్ చెయ్యి వెనక్కి వెళ్లేటప్పుడు క్యాచర్ గ్లవ్ ఎక్కడుందో చూడండి. మంచి రిసీవర్ గ్లవ్‌ని ముందు టార్గెట్‌గా చూపించి, తర్వాత చేతిని వదులు చేసి దాదాపు నేల దాకా దింపేస్తాడు, బాల్ వచ్చే టైమ్‌కి కింద నుంచి పైకి తీసుకొస్తూ పడతాడు. కింద మోకాళ్ల దగ్గర పడే స్లైడర్, సింకర్ లాంటి కిందికి వంగే పిచ్‌లు జోన్ (ప్లేట్ మీద మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే చోటు, అందులో పడితే స్ట్రైక్, బయట పడితే బాల్) అంచున స్ట్రైక్‌లా కనపడేది ఈ కదలిక వల్లే. చేతకానివాడు పై నుంచి కిందికి పొడిచినట్టు పడతాడు, బాల్ బరువుకి గ్లవ్ ఇంకా కిందికి జారుతుంది, అంపైర్ అక్కడే బాల్ అని పిలిచేస్తాడు. స్ట్రైకే అయినా సరే.

మోచెయ్యి కూడా చూడండి. ఎడమ మోచెయ్యి మోకాలికి తగిలి ఇరుక్కుంటే కుడి చేతి బ్యాటర్‌కి దూరంగా పడే బాల్‌కి చెయ్యి చాలదు, ఒళ్లంతా వంగి పట్టాల్సొస్తుంది. ఒక మోకాలు నేల మీద పెట్టి కూర్చునే స్టాన్స్ ఇప్పుడు అందరూ వాడటానికి ఇదొక కారణం, మోచేతికి చోటు దొరుకుతుంది, గ్లవ్ కిందికి దిగుతుంది. పాతకాలం వాళ్లు ఇది బద్ధకం అంటారు, బ్లాకింగ్ (నేలకి తగిలి వచ్చే బాల్‌ని ఒంటితో ఆపటం) పోతుందంటారు. నేను పిల్లలకి ఇదే నేర్పిస్తాను, కింద అంచున దొరికే స్ట్రైక్‌లు అప్పుడప్పుడు తప్పిపోయే బాల్ కంటే ఎక్కువ విలువైనవి అని జట్లన్నీ లెక్క చూసుకునే ఇటు వచ్చాయి.

ఆ లెక్క ఏంటంటే, అంచున పడిన ఒక పిచ్ బాల్ నుంచి స్ట్రైక్‌గా మారితే సుమారు 0.125 రన్ విలువ అని స్టాట్‌కాస్ట్ (మేజర్ లీగ్ వాళ్ల కెమెరా డేటా) లెక్క. అంటే ఎనిమిది స్ట్రైక్‌లకి ఒక రన్, 80 స్ట్రైక్‌లకి 10 రన్లు, 10 రన్లంటే అటూ ఇటూగా ఒక గెలుపు. 80 స్ట్రైక్‌లు అంటే పెద్దగా అనిపిస్తుంది కానీ 110 మ్యాచ్‌లు పట్టేవాడికి రోజుకి ఒకటి కూడా కాదు. స్టాండ్స్‌లో కూర్చున్న మనకి అది కనపడదు కూడా. కనపడని ఈ పనికే డబ్బులిస్తున్నారు.

దీనికి ఇప్పుడు పైస్థాయి ఉదాహరణ పాట్రిక్ బెయిలీ. శాన్ ఫ్రాన్సిస్కో 2020లో ఫస్ట్ రౌండ్‌లో 13వ పిక్‌గా తీసుకుంది, 2022లో హై-ఏలో (డబుల్-ఏకి ఒక మెట్టు కింద) .225 కొట్టాడు, మీ కుర్రాడి లాగే. కానీ 2023 మే కల్లా మేజర్ లీగ్‌లో ఉన్నాడు, 2024లో, 2025లో గోల్డ్ గ్లవ్ (ఆ పొజిషన్‌లో బెస్ట్ ఫీల్డర్‌కి ఇచ్చే అవార్డు). 2025లో బ్యాటింగ్ .222, అయినా మెయిన్ క్యాచరే, ఎందుకంటే ఫ్రేమింగ్‌లో (పైన చెప్పినట్టు అంచున పడిన బాల్‌ని స్ట్రైక్‌లా పట్టటం) అప్పుడు అతన్ని మించినవాడు లేడు. నేను "పై నలుగురైదుగురిలో ఉండాలి" అన్నది ఇందుకే. పదో స్థానంలో ఉన్న గ్లవ్‌తో .222 కొడితే వారానికి రెండు రోజులు ఆడతాడు.

ఇక్కడ ఒక పెద్ద మార్పు వచ్చింది, ఏబీఎస్, అంటే బాల్ జోన్‌లో పడిందా లేదా కెమెరాలతో తేల్చే పద్ధతి. 2026 సీజన్ నుంచి మేజర్ లీగ్‌లో బాల్-స్ట్రైక్ ఛాలెంజ్ పెట్టారు. ఒక్కో జట్టుకి రెండు ఛాలెంజ్‌లు, గెలిస్తే మిగిలే ఉంటుంది, ఓడితే పోతుంది. అడిగే హక్కు బ్యాటర్‌కి, పిచర్‌కి, క్యాచర్‌కి మాత్రమే, డగౌట్ నుంచి సైగలు కుదరవు, అడిగేవాడు వెంటనే తన తల మీద తట్టుకోవాలి. దీంతో ఫ్రేమింగ్ చచ్చిపోయింది, గ్లవ్ క్యాచర్ల పని అయిపోయింది అని చాలామంది రాసేశారు, నేను ఒప్పుకోను. మ్యాచ్‌లో పిలిచే వంద పైచిలుకు పిచ్‌ల్లో ఛాలెంజ్ అయ్యేవి కొన్నే, మిగతావన్నీ అంపైర్ చెప్పిందే. ఫ్రేమింగ్ విలువ తగ్గుతుంది, అది నిజం, ముఖ్యంగా ముఖ్యమైన కౌంట్‌లో దొంగిలించిన స్ట్రైక్‌ని బ్యాటర్ వెనక్కి లాక్కుంటాడు. కానీ దాని పక్కనే కొత్త పని ఒకటి పుట్టింది, ఏది అడగాలో ఏది వదిలెయ్యాలో అర సెకన్లో తేల్చుకోవటం. పిచర్‌కి ప్రతీదీ స్ట్రైక్ లాగే అనిపిస్తుంది పాపం, దగ్గర నుంచి చూసేది క్యాచర్. ఏబీఎస్ జోన్ కూడా కొంచెం వేరు, బ్యాటర్ ఎత్తులో 53.5 శాతం పైన, 27 శాతం కింద, ప్లేట్ మధ్యలో కొలుస్తారు. ప్లేట్ ముందు అంచున జోన్‌లోకి వచ్చి మధ్యకి వచ్చేసరికి కిందికి పడిపోయే కర్వ్‌బాల్ దీంట్లో స్ట్రైక్ కాదు. ఇది ఒంటపట్టించుకున్న క్యాచర్ జట్టుకి బంగారం. ట్రిపుల్-ఏలో ఇది కొన్నేళ్ల నుంచే నడుస్తోంది, అందుకని మీ కుర్రాడు అక్కడికి వెళ్లాక అతని ఛాలెంజ్‌లు ఎన్ని నెగ్గుతున్నాయో గమనించండి.

త్రో సంగతి. మీ ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. బాల్ క్యాచర్ గ్లవ్‌లో పడిన చప్పుడుకి నొక్కి, సెకండ్ బేస్ దగ్గర ఫీల్డర్ గ్లవ్‌లో పడగానే ఆపండి, దాన్నే పాప్ టైమ్ అంటారు. దూరం 127 అడుగుల పైన ఒక మూడు అంగుళాలు. మేజర్ లీగ్‌లో మామూలుగా 2.0 సెకన్లు, 1.9 అంటే బాగుంది, 1.85 దగ్గరికి వచ్చేవాళ్లు చాలా అరుదు. చేత్తో నొక్కేదాంట్లో తేడా వస్తుంది కాబట్టి ఒక్క త్రో చూసి చెప్పెయ్యకండి, ఇన్నింగ్స్ మధ్యలో వార్మప్ త్రోలు లెక్కలోకే తీసుకోకండి, అక్కడ అందరూ హీరోలే. పిచర్ కదిలిన దగ్గర్నుంచి బాల్ ప్లేట్ చేరటానికి 1.3 సెకన్ల పైన, దానికి 2.0 కలిపితే 3.3 దాటుతుంది, వేగంగా పరిగెత్తే రన్నర్‌కి అదే టైమ్. పదో వంతు సెకన్ దగ్గర ఔటా సేఫా తేలిపోతుంది. అందుకే వేగం కంటే నేను ఎక్కువ చూసేది బాల్ ఎక్కడికి వెళ్లింది అని, బేస్‌కి ఫస్ట్ బేస్ వైపు, మోకాలి ఎత్తులో పడితే ఫీల్డర్ గ్లవ్ అక్కడే పెట్టి ట్యాగ్ చేస్తాడు. 1.88లో విసిరి తల ఎత్తున వేసేవాడికంటే 1.98లో సరిగ్గా బ్యాగ్ మీద వేసేవాడు ఎక్కువమందిని ఔట్ చేస్తాడు.

ఇంకోటి, స్టీలింగ్ శాతం చూసి క్యాచర్‌ని తిట్టకండి. 2023లో బేస్‌లు 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకి పెంచారు, పిచర్ పికాఫ్‌లకి (రన్నర్‌ని పట్టటానికి బేస్‌కి విసరటం) లిమిట్ పెట్టారు, దాంతో మేజర్ లీగ్‌లో స్టీల్స్ 2022లో 2,486 ఉంటే 2023లో 3,503 అయ్యాయి. క్యాచర్లందరి చేతులూ ఒక్క చలికాలంలో పాడైపోలేదు కదా. డబుల్-ఏలో కుర్ర పిచర్లు రన్నర్‌ని అసలు పట్టించుకోరు, లెగ్ పైకెత్తి నింపాదిగా వేస్తారు, ఆ పాపమంతా క్యాచర్ ఖాతాలో పడుతుంది.

బ్లాకింగ్ గురించి పెద్దగా చెప్పను, చూస్తే తెలిసిపోతుంది. రన్నర్ థర్డ్ మీద ఉన్నప్పుడు పిచర్ నేలకేసి కొట్టే స్లైడర్ వెయ్యటానికి భయపడుతున్నాడా లేదా అన్నది చూడండి చాలు. క్యాచర్ మీద నమ్మకం ఉంటే వేస్తాడు.

నమ్మకం అన్నాను కాబట్టి, నంబర్లకి అందని సగం ఇది. పిచర్లు ఎవరికి వెయ్యాలని అడుగుతారు? ఒక పిచర్ వరసగా రెండు వాక్స్ ఇచ్చాక ఈ కుర్రాడు మౌండ్ దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నాడు, వెళ్లి ఏం చేస్తున్నాడు, పిచర్ భుజాలు దిగుతున్నాయా? ఇన్నింగ్స్ అవ్వగానే డగౌట్‌లో తన బ్యాటింగ్ గురించి ఆలోచిస్తూ హెల్మెట్ విసిరేస్తున్నాడా, లేక పిచర్ పక్కన కూర్చుని మాట్లాడుతున్నాడా? ఏ పిచ్ వెయ్యాలో పిచర్‌కి చెప్పే పిచ్‌కామ్ బటన్లు వచ్చాక, పిచ్‌ల మధ్య టైమ్ లిమిట్ పెట్టే పిచ్ క్లాక్ వచ్చాక క్యాచర్‌కి ఆలోచించుకునే టైమ్ తగ్గింది, ముందే చదువుకుని రావాలి. లాటిన్ అమెరికా పిచర్లతో స్పానిష్‌లో నాలుగు మాటలు మాట్లాడగలిగిన అమెరికన్ క్యాచర్‌కి స్కౌట్ రిపోర్ట్‌లో అది ప్లస్ కింద రాస్తాం, నిజంగా రాస్తాం.

సరే బ్యాట్. డబుల్-ఏలో యావరేజ్ కంటే నేను స్ట్రైక్‌ఔట్లు, వాక్స్ ముందు చూస్తాను. ఎందుకంటే యాడియర్ మొలీనా లెక్క చూడండి. 2000లో నాలుగో రౌండ్‌లో సెయింట్ లూయిస్ తీసుకుంది, 2006లో .216 కొట్టాడు, అప్పుడు అతన్ని కూడా గ్లవ్ తప్ప ఏం లేదన్నవాళ్లున్నారు. 2012కి వచ్చేసరికి .315, 22 హోమ్ రన్లు, కెరీర్‌లో 9 గోల్డ్ గ్లవ్‌లు. కానీ ఆ .216 ఏడాదిలో కూడా అతను స్ట్రైక్‌ఔట్ అవ్వటం చాలా తక్కువ, బాల్‌ని తగిలించేవాడు, ఎక్కడికి వెళ్లాలో తర్వాత నేర్చుకున్నాడు. .220 కొడుతూ బాల్ తగిలించేవాడు వేరు, .220 కొడుతూ మూడు నాలుగుసార్లకి ఒకసారి గాలిలో ఊపేసి స్ట్రైక్‌ఔట్ అయ్యి వెళ్లిపోయేవాడు వేరు. మొదటివాడికి టైమ్ ఇవ్వొచ్చు. రెండోవాడికి ఫాస్ట్‌బాల్ పైకి వేసినప్పుడు ఏమవుతోందో చూడండి, డబుల్-ఏలో 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ జోన్ పైభాగంలో అందకపోతే మేజర్ లీగ్‌లో ఇంకా కష్టం, అక్కడ రోజూ అదే.

ఇంకా రెండు మూడు విషయాలు కలిపి చూడాలి. టెక్సస్ లీగ్ మైదానాలు ఒక్కటి కాదు, అమరిల్లోలో ఎత్తు ఎక్కువ, గాలి పొడి, బాల్ ఎగిరిపోతుంది, అక్కడ కొట్టిన హోమ్ రన్‌ని అలాగే నమ్మకండి. నెలవారీగా కూడా విడగొట్టి చూడండి. ఏప్రిల్, మేలో .260 ఉండి ఆగస్టులో .170 అయితే అది బ్యాటింగ్ సమస్య కాకపోవచ్చు, అలసట కావచ్చు, ఇక్కడి ఎండలో ఆ గేర్ అంతా వేసుకుని కూర్చుని లేస్తుంటే తొడల్లో ఏం మిగలదు, తొడల్లో బలం లేకపోతే బ్యాట్ స్పీడ్ ఉండదు. క్యాచర్లు మిగతావాళ్లకంటే ఆలస్యంగా బ్యాట్ అందుకుంటారనేదానికి ఇదే ముఖ్య కారణం, ప్రాక్టీస్ టైమ్‌లో సగం బుల్‌పెన్‌లో, పిచర్ల మీటింగుల్లో పోతుంది. మేజర్ లీగ్‌లో కూడా క్యాచర్ల బ్యాటింగ్ లీగ్ సగటు కంటే కిందే ఉంటుంది, పోల్చేటప్పుడు ఫస్ట్ బేస్‌మన్‌తో కాదు క్యాచర్లతోనే పోల్చండి.

మీకు దగ్గర ఉదాహరణ, మీ ఫ్రిస్కోలోనే, హొసె ట్రెవీనో. 2014లో రేంజర్స్ ఆరో రౌండ్‌లో తీసుకున్నారు, కాలేజీలో ఇన్‌ఫీల్డర్, ప్రొఫెషనల్ అయ్యాకే క్యాచర్‌గా స్థిరపడ్డాడు. 2017లో మీరు కూర్చునే ఆ గ్రౌండ్‌లోనే రఫ్‌రైడర్స్‌కి ఆడాడు, అప్పుడు అతని బ్యాట్ చూసి ఎవరూ గంతులెయ్యలేదు. 2018 జూన్‌లో మేజర్ లీగ్‌కి వచ్చాడు, కొన్నేళ్లు పైకీ కిందికీ తిరిగాడు, 2022 ఏప్రిల్‌లో యాంకీస్‌కి ట్రేడ్ అయ్యాడు. ఆ ఏడాదే ఆల్‌స్టార్, అమెరికన్ లీగ్ ప్లాటినం గ్లవ్ (లీగ్ మొత్తంలో బెస్ట్ ఫీల్డర్), .248తో 11 హోమ్ రన్లు. అప్పటికి అతనికి దగ్గరదగ్గర 30 ఏళ్లు. అక్కడ క్యాచింగ్ కోచ్ ట్యానర్ స్వాన్సన్, ఒక మోకాలి స్టాన్స్‌ని వ్యాప్తి చేసినవాళ్లలో ముఖ్యుడు. అంటే జట్టు కూడా లెక్కలోకి వస్తుంది, ఒకే చేతులున్న కుర్రాడు ఒకచోట మూడో క్యాచర్, ఇంకోచోట ఆల్‌స్టార్.

నా దగ్గరకొచ్చిన పిల్లల్లో ఇద్దరి గురించి చెప్తాను. ఒకడి చెయ్యి తుపాకీ, పదహారేళ్లకే పాప్ టైమ్ చూసి కాలేజీ కోచ్‌లు ఫోన్లు చేసేవాళ్లు, కానీ రిసీవింగ్‌లో గట్టి చేతులు, ప్రతి బాల్‌తో కుస్తీ పట్టేవాడు, ఎంత చేసినా మెత్తబడలేదు. కాలేజీలో వాణ్ణి పిచర్‌గా మార్చారు, ఇప్పుడు సంతోషంగా ఉన్నాడు. కెన్లీ జాన్సెన్ కూడా బ్యాట్ ఆడని క్యాచరే, 2009 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్‌లో నెదర్లాండ్స్‌కి క్యాచర్‌గా ఆడాడు, తర్వాత పిచర్ అయ్యి 400కి పైగా సేవ్‌లు (చివర్లో వచ్చి గెలుపుని కాపాడటం) చేశాడు. మంచి చెయ్యి ఉన్న క్యాచర్‌కి ఈ తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది. ఇంకో కుర్రాడి చెయ్యి మామూలే, కానీ పిచర్లందరూ వాడే కావాలనేవాళ్లు, కాలేజీలో ఒక పిచర్ తన కోచ్‌ని వాడికే వేస్తానని పట్టుబట్టాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, ఒక జట్టు ఫ్రీ ఏజెంట్‌గా సైన్ చేసుకుంది, కొన్నేళ్లు కింద లెవెల్స్‌లో ఆడి ఇప్పుడు అదే జట్టులో కోచింగ్ వైపు వెళ్లాడు. ఇద్దరిలో ఎవరూ మేజర్ లీగ్‌లో బ్యాట్ పట్టలేదు. ఇది కూడా మీకు తెలియాలి, పైన నేను రాసిన పేర్లన్నీ అవతలి ఒడ్డుకి చేరినవాళ్లవి.

కాంట్రాక్ట్ సంగతులు కొంచెం. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాణ్ణి నాలుగు సీజన్లయ్యేసరికి 40 మంది రోస్టర్‌లో పెట్టాలి, లేకపోతే డిసెంబర్‌లో రూల్ 5 డ్రాఫ్ట్‌లో వేరే జట్టు తీసుకోవచ్చు, తీసుకుంటే సీజన్ అంతా మేజర్ లీగ్ రోస్టర్‌లోనే ఉంచాలి, లేదంటే వెనక్కి ఇవ్వజూపాలి. బ్యాకప్ క్యాచర్‌ని అలా దాచుకోవటం మిగతా పొజిషన్లకంటే సులువు. జట్టు నవంబర్‌లో అతన్ని 40లో పెట్టిందంటే అది మనందరి అంచనాలకంటే నమ్మకమైన సిగ్నల్, లోపల వాళ్ల దగ్గర ప్రతి పిచ్ డేటా ఉంది. డబుల్-ఏలో మనకి దొరికేది తక్కువ, ట్రిపుల్-ఏకి వెళ్తే స్టాట్‌కాస్ట్ నంబర్లు బయటికి వస్తాయి. 40లోకి వచ్చాక మామూలుగా మూడేళ్లు ఆప్షన్లుంటాయి (జట్టు అతన్ని కిందికి పంపి మళ్లీ పిలుచుకునే వీలు), ఆ మూడేళ్లూ ట్రిపుల్-ఏకి, పైకి బస్సూ విమానమూ ఎక్కటమే పని. పైన గడిపిన ప్రతి రోజుకీ మేజర్ లీగ్ కనీస జీతం లెక్క కట్టి ఇస్తారు, 2026లో అది ఏడాదికి 7,80,000 డాలర్లు.

ఇవన్నీ కలిపి, మీరు చెప్పిన వివరాల మీద నా అంచనా: 23 ఏళ్లకి డబుల్-ఏ అంటే వయసు సరిపోయింది, ఆలస్యం కాదు. గ్లవ్ నిజంగా అందరూ చెప్తున్నంత ఉంటే రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు, పైన క్యాచర్‌కి దెబ్బ తగిలిన రోజు పిలుపు వస్తుంది, అక్కడి నుంచి బ్యాకప్‌గా కొన్నేళ్లు. రోజూ ఆడే క్యాచర్ అవుతాడా అంటే నేను పందెం కాయను, కానీ అతని స్ట్రైక్‌ఔట్ శాతం, వాక్ శాతం మీరు రాయలేదు, అవి చూస్తే మాట మారొచ్చు. ఈ సీజన్ మొత్తం నంబర్లు, వీలైతే నెలవారీగా, కింద పెట్టండి. మళ్లీ మ్యాచ్‌కి వెళ్తే ఒక నాలుగు త్రోలకి టైమ్ తీసి అది కూడా రాయండి, పిల్లల చేత నొక్కించండి, వాళ్ల చేతులు మనకంటే చురుకు.